పిల్లల ఊపిరితిత్తుల పరిశోధనలోకి వచ్చే యువ డాక్టర్లకు ముందు ఏది నేర్పాలి?

ప్రశ్న (పిల్లల వైద్య విభాగం, బోధనాసుపత్రి, రాయలసీమ)

నమస్కారం. పిల్లల ఉబ్బసం మీద మేము మొదలుపెడుతున్న అధ్యయనంలో వచ్చే నెల ఇద్దరు చేరుతున్నారు. ఈమధ్యే ఎండీ పూర్తిచేసిన చురుకైన డాక్టర్లు. గణాంకాల సాఫ్ట్‌వేర్ వచ్చు, పరిశోధన పత్రాలు బాగా చదువుతారు. ఆరేళ్ల పాప చేత స్పైరోమెట్రీ (ఎంత గాలి, ఎంత వేగంగా ఊదగలదో యంత్రంతో కొలిచే పరీక్ష) చేయించమంటే మాత్రం టెక్నీషియన్ వైపు చూస్తారు. మొదటి ఆరు నెలలు దేని మీద పెట్టాలి? ఏడాదిలోగా ఒక పత్రం రావాలని పైనుంచి ఒత్తిడి కూడా ఉంది.

జవాబు 1 (విశ్రాంత ప్రొఫెసర్, హైదరాబాద్)

డాక్టరుగారూ, ఆ టెక్నీషియన్ దగ్గరికే పంపండి. అన్నీ తమ చేతులతో చేయాలి. పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడడం మొదటి పని. తర్వాత ఎత్తు: బూట్లు విప్పించి, మడమలు ఆనించి, తల నిటారుగా పెట్టించి కొలవాలి. ఆ పాప ఎంత ఊదగలగాలన్న అంచనాలో ఎత్తుదే పెద్ద పాత్ర. బడి రిజిస్టరులోని ఎత్తు రాసుకుంటే తర్వాత చేసే విశ్లేషణంతా వృథా.

ఇక ఊదించడం. ముక్కుకు క్లిప్పు పెట్టగానే పిల్లలు బెదురుతారు, పెదాలు వదులు చేస్తారు. నిండుగా పీల్చి, ఒక్కసారిగా వదిలి, మనం "ఇంకా, ఇంకా" అంటున్నంతసేపూ వదులుతూనే ఉండాలి. తెర మీద గీత చివ్వున లేచి, శిఖరం తాకి, సాఫీగా దిగాలి. శిఖరం మొద్దుగా ఉంటే పాప గట్టిగా ఊదలేదు. దిగేటప్పుడు నొక్కు పడితే దగ్గింది. టక్కున సున్నాకు పడితే మధ్యలో ఆపేసింది. గీత గిన్నెలా లోపలికి వంగితేనే శ్వాసనాళాలు ఇరుకైనట్టు అనుమానించాలి. యంత్రం ఇచ్చే గ్రేడు చూడకుండా మీవాళ్లు ఇవి గుర్తుపట్టాలి.

అమెరికన్ థొరాసిక్ సొసైటీ, యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణాలు దగ్గర పెట్టుకోమనండి. ఆరేళ్లు దాటిన పిల్లల్లో, ఊదిన గాలి కొలతల్లో మేటి రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. ఆరేళ్లు, ఆ లోపువాళ్లకైతే 100 మిల్లీలీటర్లు లేదా పెద్ద కొలతలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. చిన్నపిల్లల ఊపిరితిత్తులు త్వరగా ఖాళీ అవుతాయి కనుక మొదటి ముప్పావు సెకనులో ఎంత గాలి ఊదారన్న కొలత కూడా చూస్తారు.

పత్రం గురించి బెంగ వద్దు. ఏ వయసులో ఎంతమంది పిల్లలు సరైన గీత ఇవ్వగలిగారన్నదే రాయమనండి. ఇతర ఆసుపత్రులకు అది నిజంగా పనికొస్తుంది.

జవాబు 2 (బయోస్టాటిస్టిషియన్, బెంగళూరు)

ప్రొఫెసరుగారి మాట కాదనను కానీ గణాంకాలను ఆరు నెలలు పక్కన పెట్టకండి. "అంచనాలో 80 శాతానికి తగ్గితే జబ్బే" అనే అలవాటుతో చాలామంది వస్తారు. ఆ గీటురాయి అన్ని వయసులకూ ఒకేలా పనిచేయదు. జెడ్ స్కోరు నేర్పండి, అంటే అదే వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుల సగటుకు ఈ కొలత ఎంత దూరంలో ఉందో చెప్పే లెక్క. సాధారణంగా మైనస్ 1.64 దగ్గర కింది హద్దు. ఎవరు ఎంత ఊదగలగాలో అంచనా వేసే గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనిషియేటివ్ 2012 సమీకరణాల్లో భారతీయులకు విడిగా వర్గం లేదు. జాతి విభజన లేని సమీకరణాలు 2022లో వచ్చాయి. ఒక పాప ఒకదానిలో మామూలుగా, ఇంకొకదానిలో తక్కువగా తేలవచ్చు. ఏది వాడేదీ మొదటి పాప ఊదకముందే రాసిపెట్టుకోవాలి.

జవాబు 3 (క్షేత్ర పర్యవేక్షకురాలు, ఆసిఫాబాద్)

వాళ్లను ఊళ్లకు కూడా పంపండి సార్. ఐదేళ్లలోపు పిల్లల దగ్గర స్పైరోమీటరు కన్నా గడియారమే ఎక్కువ అక్కరకొస్తుంది. ఏడుపు ఆగేదాకా ఆగి, చొక్కా పైకెత్తించి, నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాదిలోపైతే 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపైతే 40, ఆపైన వేగంగా తీస్తున్నట్టే. "డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా" అని తల్లి అంటే ఆ మాట యథాతథంగా రాసుకోవాలి, వెంటనే ఛాతీ చూడాలి. మా సరిహద్దు ఆవల గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు లెక్కలు రాని మంత్రసానులకు కూడా ఇది నేర్పారు. పది ఊపిరులకు ఒక పూస జరపడం, ఇసుక గడియారంతో నిమిషం చూడడం, అంతే. మీ డాక్టర్లు వారం రోజులు ఆశా కార్యకర్త వెంట తిరిగితే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి మూడు నెలలూ ఉదయం ప్రయోగశాల, మధ్యాహ్నం గణాంకాలు అనుకుంటున్నాను. ఊళ్ల వారం రెండో నెలలో పెడతాను. ప్రొఫెసరుగారూ, సరిగా రాని పాత గీతలు పిల్లల వివరాలు తీసేసి కొన్ని పంపగలరా? మొదటి రోజు వాటితోనే మొదలుపెడతాను.