పెన్నులకు టేకు సొరుగుల పెట్టె: వానాకాలంలో బిగుసుకోకుండా ఏం చేయాలి?

సిరాబుడ్డి:
పాత తలుపు రెక్కల టేకు చెక్క ఉంది, చిత్రిక పడితే 12 మి.మీ. మందం తేలుతుంది. దాంతో 36 పెన్నులు పట్టేలా మూడు సొరుగుల పెట్టె చేయాలనుకుంటున్నాను. చాలావరకు రాజమండ్రి ఎబొనైట్ పెన్నులే, డ్రాపర్‌తో సిరా పోసే రకం. రెండు సెల్యులాయిడ్‌వి (పాతకాలపు ప్లాస్టిక్ రకం), ఒకటి వెండిది. అన్నిటికన్నా పొడుగుది క్యాప్‌తో కలిపి 158 మి.మీ., లావుది 17 మి.మీ. ఉండేది కాకినాడ, గాలిలో తేమ ఎక్కువ. సొరుగుకి ఎంత సందు వదలాలి? లోపల ఏ గుడ్డ పరవాలి? రౌటర్ (గాడులు తీసే మిషను) ఉంది, టేబుల్ సా (బల్ల రంపం) లేదు.

ఉలి_సుత్తి:
ముందు ఆ చెక్క మీద అయస్కాంతం ఆడించండి. పాత తలుపుల్లో విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి, చిత్రిక బ్లేడు ఒక్క దెబ్బకి పోతుంది.

కొలతలు లోపలి నుంచి బయటికి వేసుకోండి. పెన్నుకి 25 మి.మీ. చొప్పున పన్నెండుకి 300, అది సొరుగు లోపలి వెడల్పు. లోపలి లోతు 170. పక్క చెక్కలు 10 మి.మీ. మందం, 38 ఎత్తు. కింది అంచు నుంచి 4 మి.మీ. వదిలి, 4 లోతు గాడి తీసి అడుగున 4 మి.మీ. ప్లై దూర్చండి. గాడి తీసే ముందు ప్లై మందం కొలవండి, 4 అని అమ్మేది చాలాసార్లు అంతకన్నా పలచగానే ఉంటుంది. ముందు చెక్క 12, వెనకది 10. అంటే సొరుగు బయటి కొలత 320 × 192. పెట్టె లోపల వెడల్పు 322, ఎత్తు 120 (మూడు సొరుగులు, నాలుగు సందులు 1.5 చొప్పున), లోతు 200.

సందు గురించి. చెక్క నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. వేసవికీ వానలకీ చెక్కలో తేమ 6 శాతం తేడా వచ్చిందనుకుంటే 38 మి.మీ. సొరుగు ఎత్తు అర మి.మీ. లోపే పెరుగుతుంది. కాబట్టి 1.5 చాలు. అసలు తంటా పెట్టె పక్క పలకలతో. వాటి నార నిలువుగా ఉంటుంది కాబట్టి 200 మి.మీ. లోతు ఏడాదిలో సుమారు 2 మి.మీ. అటూ ఇటూ అవుతుంది. సొరుగు పక్కల నార మాత్రం లోపలికి పొడవునా పోతుంది, అవి కదలవు. అందుకే సొరుగుని వెనక పలకకి ఆనించి ఆపితే ఎండాకాలంలో ముందుకి పొడుచుకొస్తుంది, వానల్లో లోపలికి పోతుంది. వెనక 8 మి.మీ. ఖాళీ వదిలి, ఆపుడు (సొరుగుని ఆపే అడ్డు) ముందు వైపే పెట్టుకోండి.

సొరుగు జారే పట్టీలకి ఫెవికాల్ రాయొద్దు. 9.5 ఎత్తు, 5 మందం, 180 పొడవు పట్టీ అయితే ముందు స్క్రూ గట్టిగా బిగించండి, వెనక రంధ్రాన్ని 6 మి.మీ. పొడవు సందులా సాగదీసి స్క్రూ వదులుగా ఉంచండి. అతికిస్తే పలక కదలడానికి వీల్లేక చీలుతుంది. సొరుగు పక్కన 10 మి.మీ. వెడల్పు, 5 లోతు గాడి తీసి, ముఖం నుంచి 20 మి.మీ. దూరంలో ఆపేయండి. పట్టీ కూడా పెట్టె ముందు అంచు నుంచి 20 లోపలే మొదలైతే ఆ గాడి కొసే ఆపుడు.

చీపురుపుల్ల:
పైదానికి రెండు మాటలు కలుపుతాను. పెట్టె నాలుగు పలకల నారా పెట్టె చుట్టూ ఒకే వరసలో తిరగాలి. అప్పుడే అన్నీ లోతు దిశలో కలిసి కదులుతాయి, మూలలు జిగురుతో భయం లేకుండా అతికించుకోవచ్చు. అంచు మెట్టులా కోసి అతికించిన మూల జిగురు ఒక్కదానితో నిలబడదు, మూలకి మూడేసి 6 మి.మీ. వెదురు చీలలు దిగగొట్టండి. టేకులో నూనె ఉంటుంది. చిత్రిక పట్టిన రోజే అతికించండి, వారం తర్వాతైతే జిగురు రాసే చోట థిన్నర్ గుడ్డతో తుడవండి. లేకపోతే ఆర్నెల్లకి అతుకు పొర లేస్తుంది.

మూలమట్టం పెట్టి చూడటమే కాదు, రెండు కర్ణాలూ కొలవండి. 1 మి.మీ. తేడా ఉన్నా ఇంత చిన్న సొరుగు మొండికేస్తుంది.

వెనక ప్లైకి ఒక్కో సొరుగు వెనక 10 మి.మీ. రంధ్రం రెండేసి వేయండి. ఇది లేకుంటే ఒక సొరుగు నెడితే లోపలి గాలి ఇంకో సొరుగుని బయటికి తోస్తుంది.

పాళీ_మొన:
వడ్రంగం సంగతి వాళ్లు చెప్పారు, పెన్నుల సంగతి నేను చెప్తాను. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ కలిపి గట్టిపరిచిన రబ్బరు. మూసిన సొరుగులో దాని పక్కన వెండి పెట్టారంటే కొన్ని నెలల్లో నల్లబడుతుంది. ఉన్ని ఫెల్ట్, రబ్బరు జిగురు కూడా వెండికి అదే పని చేస్తాయి. వెండి పెన్నుని ఈ పెట్టెలో పెట్టనే వద్దు. సెల్యులాయిడ్ వేరే చిక్కు. పాడవడం మొదలైతే దాన్నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, పక్క పెన్నుల క్లిప్పులూ పాళీలూ తుప్పు పడతాయి. కర్పూరం వాసన మామూలే. ముక్కు మండే వాసన వచ్చినా, పైన జిగట కట్టినా, లోపల సన్న పగుళ్లు కనిపించినా వెంటనే విడదీయండి. అవి రెండూ గాలి ఆడే వేరే చోట ఉంటేనే నయం. సెల్యులాయిడ్‌కి నిప్పు త్వరగా అంటుకుంటుంది కూడా, దేవుడి గదికి దూరంగా ఉంచండి.

పరచడానికి నూలు వెల్వెట్, పల్చటి ఫెవికాల్‌తో. కింద 12 మి.మీ. అర్ధవృత్తపు బీడింగ్ (సన్న చెక్క పట్టీ) 25 మి.మీ.కి ఒకటి చొప్పున పదకొండు అతికించి, దాని మీద గుడ్డ వంపుల్లోకి వేలితో నొక్కుకుంటూ పోవాలి. మధ్య నుంచి మొదలెట్టండి, అంచు నుంచి మొదలెడితే చివరికి గుడ్డ చాలదు. నాఫ్తలీన్ ఉండలు వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తాయి. ఇంకోటి, డ్రాపర్ పెన్నులో సిరా ఉంటే పడుకోబెట్టొద్దు, ఎండకి లోపలి గాలి వ్యాకోచించి క్యాప్‌లోకి కక్కుతుంది. కడిగి ఆరబెట్టినవే సొరుగులోకి. కడగడం చన్నీళ్లతోనే, ఎబొనైట్‌ని వేడినీళ్లలో నానబెడితే రంగు పోతుంది.

సిరాబుడ్డి:
వెండిదీ సెల్యులాయిడ్‌వీ తీసేస్తే 33 అవుతాయి, మూడు గళ్లు మిగులుతాయి. లోపల పాలిష్ ఏది? బయటికైతే ఫ్రెంచ్ పాలిష్ అనుకుంటున్నా.

ఉలి_సుత్తి:
లోపల కూడా అదే లక్క పాలిష్, రెండు పల్చటి పూతలు. అవిసె నూనె మాత్రం లోపల రాయకండి, మూసిన సొరుగులో దాని వాసన నెలల తరబడి పోదు. పాలిష్ అయ్యాక సొరుగులు బయటికి లాగి రెండు మూడు వారాలు అలా వదిలేసి, తర్వాతే పెన్నులు పెట్టండి. పట్టీల మీద, గాడిలో పాలిష్ పడనివ్వకండి. అక్కడ కొవ్వొత్తి రుద్దండి.

ఇంకో మాట. పని జూలై, ఆగస్టుల్లో పడితే సందులు 1 మి.మీ. పెట్టినా సరిపోతుంది, చెక్క అప్పటికే ఉబ్బి ఉంటుంది. మేలో అయితే 1.5 తగ్గించొద్దు.