మార్పిడా, నాటా, అంటా?

— మనిషి మూలకణాలను ఎలుక రెటీనాలో పెట్టే ప్రయోగాన్ని "జాత్యంతర మూలకణ మార్పిడి" అని రాశారు. ఇక్కడ "మార్పిడి" నప్పుతుందా?

— నప్పదండీ. పాతది తీసి కొత్తది పెడితే మార్పిడి. (కిడ్నీకి కూడా పాతది సాధారణంగా తీయరు, అయినా ఆ మాట స్థిరపడిపోయింది.) ఇక్కడ సన్నని సూదితో రెటీనా అడుగున, కణాలు కలిపిన ద్రవాన్ని ఒకటి రెండు మైక్రోలీటర్లు వదులుతారు. రెటీనా పొక్కులా లేస్తుంది. సూది గబుక్కున లాగితే ద్రవం ఆ రంధ్రంలోంచే వెనక్కి చిమ్మి, కణాలు కంటిలోని జెల్లీలోకి పోతాయి. అక్కడ పొరకట్టి రెటీనాను గుంజవచ్చు. అందుకే సూదిని కాసేపు అలాగే ఉంచి తీస్తారు. నారు నాటడం లాంటిదే, సరిగా దిగకపోతే తేలిపోతుంది. "నాటడం" అనండి.

— ఆ ఒక్క మాటే చాలదేమో. ఆర్‌సీఎస్ అనే, పుట్టుకతోనే చూపు దెబ్బతినే రకం ఎలుకల్లో మెర్‌టీకే జన్యువు చెడి, కాంతిగ్రాహక కణాలు రాల్చే ముక్కలను వాటి వెనకే ఉండే నల్లని వర్ణక కణాలు మింగలేవు. చెత్త పేరుకుని కాంతిగ్రాహకాలు చచ్చిపోతాయి. మనిషి మూలకణాల నుంచి పెంచిన వర్ణక కణాలు అక్కడ కుదురుకుని చెత్త తింటే చాలు, అది నాటు. కాంతిగ్రాహకాలనే కొత్తగా పెడితే మాత్రం, అవి పక్క నాడీకణాలతో అతుక్కోవాలి. అది కొమ్మకు కొమ్మ కట్టే అంటు.

— అంటు అన్నారు కాబట్టి ఒకటి. దాత కణాలకు గుర్తుగా ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ పెడతారు. మెరిసినవన్నీ అతుక్కున్న కణాలేనని ఏళ్లపాటు లెక్కేశారు. చాలావరకు అంటుకున్నది కణం కాదు, రంగేనని 2016లో చిట్టెలుకల్లో తేలింది. దాత కణంలోని ప్రొటీన్ ఆతిథేయి (గ్రహీత) కణంలోకి పాకింది. జాతి వేరైతే ఈ చిక్కు విప్పడం సులువు: మనిషి కేంద్రకాన్నే పట్టే ప్రతిరక్షకాలున్నాయి. పైగా చిట్టెలుక దండకణ (మసక వెలుతురులో పనిచేసే కాంతిగ్రాహక కణం) కేంద్రకం నడుమ ఒకే ముదురు చుక్క ఉంటుంది, మనిషిదానిలో అలా ఉండదు. వర్ణక కణాల నల్లరంగును మాత్రం నమ్మకండి. చచ్చినవాటిని మింగిన భక్షక కణాలూ నల్లగానే కనిపిస్తాయి. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ లాంటి మందు ఇవ్వకపోతే ఆ గోల మరీ ఎక్కువ.

— మరి "జాత్యంతర"?

— చదివేవారికి ముందు పెళ్లి గుర్తొస్తుంది. పాఠ్యపుస్తకాల్లో జాతి అంటే స్పీషీసే, బయట వేరు. "మనిషి కణాలను ఎలుక కంట్లో నాటడం" అని విప్పి రాయండి. దాత ఎవరో, గ్రహీత ఎవరో ఆ సమాసంలో తెలియడం లేదు.