టెన్షనర్ ఒక్కటి మారిస్తే చాలా, బెల్టు కూడా మార్చాలా?

కావలి:
అన్నలూ, మాది 2007 సాంట్రో. పొద్దున స్టార్ట్ చేస్తే టైమింగ్ కవర్ లోపల గరగరమంటా ఉంది. కవర్లు విప్పి, బెల్టు వదులు చేసి టెన్షనర్ కప్పీని (బెల్టును బిగువుగా పట్టే చక్రం) వేలితో తిప్పితే లోపల ఇసుక పోసినట్టుంది. బెల్టు చూడ్డానికి బాగానే ఉంది. ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ఒంగోలు:
మార్చుకోవచ్చు. కానీ ఆ బెల్టును మళ్లీ ఎక్కించొద్దు తమ్ముడూ. అంత విప్పాక బెల్టు ఖర్చు చూసుకుంటే ఎట్లా? అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాల్సిందే. ముందు క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు), క్యామ్ (వాల్వులు తెరిచే పై ఇరుసు) రెండింటి గుర్తులూ కలుపుకో. నేనైతే మా ఆవిడ గోళ్లరంగుతో చుక్కలు పెట్టాను (తిట్లు తిన్నాననుకో). కొత్త టెన్షనర్, బెల్టు ఎక్కించాక టెన్షనర్ స్ప్రింగే బెల్టును లాగనీ, నువ్వు పానాతో బలంగా నెట్టొద్దు. ఎక్కువ బిగిస్తే కొత్త బేరింగూ పోతుంది.

నాయుడుపేట:
స్టార్టర్ కొట్టకముందు క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పు, ఇంజిన్ తిరిగే వైపే. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపో.

కావలి:
ఆదివారం చేశాను. మొదటిసారి క్యామ్ గుర్తు ఒక పన్ను పక్కకు పోయింది. చేత్తో తిప్పబట్టి తెలిసింది, మళ్లీ విప్పి సరిచేశా. కింది పుల్లీ బోల్టుకే గంటన్నర పట్టింది. ఇప్పుడు శబ్దం లేదు. నిన్న సింగరాయకొండ దాకా పోయొచ్చా.