జీ-వన్ యోజన సవరణకు ముందు కంపెనీలు ఇచ్చిన వినతిపత్రాలు చూడడం ఎలా?

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, మాది అనకాపల్లి వైపు చెరకు రైతు కుటుంబం. పంట వ్యర్థాల నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలకు సాయంగా కేంద్రం 2019లో రూ.1,969.50 కోట్లతో ప్రధానమంత్రి జీ-వన్ యోజన తెచ్చింది. 2024లో దాన్ని సవరించి, గడువు 2028-29 దాకా పెంచి, అధునాతన జీవ ఇంధనాలను చేర్చారు. దానికి ముందు ఏ కంపెనీలు, ఏ పరిశ్రమ సంఘాలు పెట్రోలియం శాఖకు ఏమని రాశాయో చూడాలనుంది. అమెరికాలోనైతే లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాలు తమకు అనుకూలంగా ఉండేలా కంపెనీలు, సంఘాలు చేసే ప్రయత్నాలు) వివరాలు మూడు నెలలకోసారి బయటపెట్టాలి. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. ప్రజల డబ్బు కదా, అడిగిందెవరో తెలియొద్దా?

సమాచార హక్కు కింద అడిగితే సెక్షన్ 8(1)(డి) చూపించి, వాణిజ్య రహస్యమని తోసేస్తారేమోనని బెంగ. ఇలాంటి కాగితాలు తెచ్చుకున్నవాళ్లుంటే, దరఖాస్తులో ప్రశ్న ఎలా రాశారో కాస్త చెప్పండి. ఫైల్ నోటింగ్స్ (ఫైల్లో అధికారులు రాసే అభిప్రాయాలు) కూడా అందులోనే అడగొచ్చా, విడిగా వేయాలా?