ఫోనిక్స్ నేర్పిస్తుంటే మావాడు బ్యాట్‌ని "బాట" అంటున్నాడండీ, ఎక్కడ తేడా కొడుతోంది?

కోనసీమ_అమ్మ:
అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా బాబుకి అయిదున్నర, యూకేజీ. స్కూల్లో ఫోనిక్స్ (అక్షరాల పేర్లు కాకుండా వాటి సౌండ్లు కలుపుకుంటూ చదవడం) మొదలెట్టారు, బ బ బాల్, క క క్యాట్ అని ఇల్లెగిరిపోయేలా పాడతాడు గానీ పుస్తకం ముందు పెట్టి బి ఏ టి చదవరా అంటే "బ... అ... ట... బాట" అంటాడు. బాటేంట్రా అంటే నువ్వే కదా కలపమన్నావ్ అంటాడు! రాయమంటే ఇంకో గోల, బస్సుకి బి యు ఎస్ రాసి చివర ఇంకో యు తగిలిస్తాడు, పెన్నుకీ అంతే. తెలుగు గుణింతాలు మాత్రం ఇట్టే పట్టేశాడు. మా మావయ్యగారేమో ఈ సౌండ్ల గొడవెందుకమ్మా, సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి అని వందసార్లు వల్లె వేయిస్తే అదే వస్తుంది అంటున్నారు. నిజంగా బట్టీయే నయమంటారా?

పాలకొల్లు_టీచర్:
మీవాడి తప్పేం లేదమ్మా, తెలుగు బుర్రతో కరెక్టుగానే చదువుతున్నాడు. మన "బ"లో అ ఇమిడిపోయి ఉంటుంది, ఇంగ్లీషు బి సౌండ్‌లో అచ్చు ఉండదు. మనకి పొల్లు ఉంది కదా, బ్, ట్, క్, అలా పలికించాలి. మేమూ (నేనైతే మొదటి రెండేళ్లు ఇదే చేశా) బ, క, ట అని నేర్పేసి తర్వాత కలపమంటే ఎలా కలుస్తాయి చెప్పండి. చివర యు సంగతి కూడా అదే, తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, పెన్ను అని మనమే ఉ చేర్చుకున్నాం, వాడు ఇంట్లో విన్నదే రాశాడు. చెవి బాగా పనిచేస్తోందన్నమాట, అది మంచిదే.

ఏ నుంచి జడ్ దాకా వరసగా వద్దు. ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ ఈ ఆరూ ముందు చాలు, వీటితోనే సిట్, పిన్, ట్యాప్, ప్యాన్, టిన్ అన్నీ వచ్చేస్తాయి. స్, న్ లాంటివి ఊపిరి ఆపకుండా సాగదీయించండి, స్‌స్‌స్ ఇ ట్ అని. ట్, ప్ సాగవు, తాకించి వదిలెయ్యడమే. స్పెల్లింగ్‌కి నేను చింతపిక్కలు వాడతా, ఒక్కో సౌండ్‌కి ఒక్కో పిక్క. పిన్‌కి మూడు. షిప్‌కీ మూడే, అక్షరాలు నాలుగైనా ఎస్ హెచ్ రెండూ కలిసి ఒక్క పిక్క కిందకే వస్తాయి. నాలుగోది పెట్టబోయి చెయ్యి ఆపి మన మొహం చూస్తారు చూడండి, అప్పుడే ఎక్కుతుంది వాళ్లకి.

భీమవరం_నాన్న:
అంతా బానే ఉంది గానీ మేడమ్, వాజ్, సెడ్, వన్ వీటికేం చేస్తారు? మా పాప వాజ్‌కి డబ్ల్యూ ఓ జడ్ రాసింది, సౌండ్ ప్రకారం కరెక్టే, స్కూల్లో ఇంటూ కొట్టారు. ఉన్నవి 26 అక్షరాలు, సౌండ్లేమో 44 దాకా అంటారు, పెళ్లి బంతికి విస్తళ్లు చాలనట్టు ఉంది. మావయ్యగారు చెప్పింది కూడా కొంత నిజమేనేమో ఆలోచించండి.

పాలకొల్లు_టీచర్:
ఆయ్, కొన్ని గుర్తు పెట్టుకోవాల్సిందేనండి, కాదనను. కానీ సెడ్‌లో ఎస్, డి బుద్ధిగా వాటి సౌండే పలుకుతున్నాయి కదా, మధ్యలో ఏ ఐ ఒక్కటే దొంగ. ఆ దొంగ కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీయిస్తా, గుర్తుంచుకోవాల్సింది ఆ ముక్కే. వారానికి రెండు మూడు మాటలు మించను.

కాకినాడ_పిన్ని:
మా అక్కావాళ్లు ఇంగ్లండులో ఉంటారు. అక్కడ 2012 నుంచి ఆరేళ్ల పిల్లలకి స్కూల్లో చిన్న టెస్ట్ పెడుతున్నారు, 40 మాటలు చదివిస్తారు, అందులో 20 అసలు అర్థమే లేని ఉత్తుత్తి మాటలు! మొదట విని నవ్వుకున్నా గానీ ఆలోచిస్తే తెలివైన పనే, ముందెప్పుడూ చూడని మాటని బట్టీ పట్టలేరు కదా. మీరూ సిట్, పిన్ మధ్యలో నిస్, టిస్ లాంటివి ఇరికించి చూడండి, చదువుతున్నాడో అప్పజెప్తున్నాడో తెలిసిపోద్ది.

కోనసీమ_అమ్మ:
పది రోజులైందండీ, చెప్దామని వచ్చా. చింతపిక్కలు మా మావయ్యగారే కడిగి అరుగు మీద ఆరబెట్టి ఇచ్చారు, ఇప్పుడు తాతామనవళ్లిద్దరూ దాంతోనే. ఉత్తుత్తి మాటలంటే వీడికి భలే సరదా, తాతకే పరీక్ష పెడుతున్నాడు. నిన్న రావులపాలెం వెళ్తుంటే ముందు బస్సు వెనకాల రాసింది చూసి స్... ట్... ఆ... ప్ అని కలిపేసి "తాతా, స్టాపు!" అన్నాడు. ఉ మాత్రం వదల్లేదు, కానీ ఇంటికొచ్చాక రాయమంటే నాలుగు పిక్కలే పెట్టి నాలుగక్షరాలే రాశాడు. ఒక్కటే ఇంకా, బి రాయమంటే డి రాస్తున్నాడు, దీనికేమైనా ఉందాండీ?

పాలకొల్లు_టీచర్:
ఈ వయసులో చాలామందికి మామూలేనమ్మా, కంగారు పడకండి. రెండూ ఒకేసారి నేర్పకండి, పళ్లెంలో ఇసుక పోసి వారం రోజులు బి ఒక్కటే దిద్దించండి, ముందు నిలువు గీత, తర్వాత బొజ్జ. అది కుదిరాకే డి.