అండమాన్ నుంచి వచ్చిన పొడుగుకాళ్ళ ఈగ, కొత్త జాతి అని ఎలా తేలుద్ది?

గుంటూరమ్మాయి_జువాలజీ:
అందరికీ నమస్తే. గుంటూరులో ఎమ్మెస్సీ చేస్తున్నా. మా సీనియర్ అక్క పర్మిషన్ తీసుకుని అండమాన్‌లో పసుపు పళ్ళేల్లో సబ్బునీళ్ళు పోసి పట్టిన పురుగుల్లో ఈగలన్నీ నాకిచ్చింది, వేరు చేయమని. ఆకుపచ్చగా మెరుస్తా, ఒంటికి మించిన కాళ్ళున్నవి చాలా ఉన్నాయి, డోలికోపోడిడే (పొడుగుకాళ్ళ ఈగల ఫ్యామిలీ) అని తెలిసింది, రెక్కలో ఎమ్ అనే నడిమి నరం పంగలకర్రలా చీలింది కాబట్టి అందులో సయాపోడినే అనే ఉపకుటుంబం అనుకుంటున్నా. ఒక రకం మాత్రం నా దగ్గరున్న ఏ కీలోనూ (లక్షణాలు ఒక్కొక్కటి చూస్తూ పేరు తేల్చే పట్టిక) పడట్లా. పైకి చూస్తే మా పెరట్లో కరివేపాకు మీద ఎండలో నిలబడేదానిలాగే ఉంది. ఫోటోలు పెడితే చెప్పగలరా? డీఎన్ఏ ఒక్కటి చేయిస్తే సరిపోదా?

బెజవాడ_రెక్కలు:
ఫోటోతో తేలదు చెల్లీ. ముందు మగవి, ఆడవి వేరు చెయ్. మగదానికి పొట్ట చివర జననాంగం పెద్దగా ఉండి కిందగా ముందుకి మడతపడి ఉంటది, లెన్స్ కింద ఇట్టే కనపడుద్ది. జాతి తేలేది దాదాపు అంతా మగదాని మీదే, ఎందుకంటే ఇవి ఆడదాని ముందు కాళ్ళు ఎత్తి, రెక్కలు ఆడించి చూపిస్తాయి, ఆ చూపించే భాగాలే జాతికో రకంగా మారిపోయినయ్. ఒకదానికి ముందుకాలి పాదంలో చివరి ముక్కలు వెడల్పై నల్లగా ఉంటాయి, ఇంకోదానికి నడిమికాలి పొడుగునా వెంట్రుకలు వరసగా ఉంటాయి, కొన్నిటికి యాంటెనా మీది సన్నపోగు చివర చిన్న బిళ్ళ కూడా ఉంటది. అందుకే కాళ్ళు ఊడకుండా చూసుకో, ఊడితే సగం పని పోయినట్టే. ఆడవాటికి ఈ గుర్తులు ఉండవు, దగ్గరి జాతుల ఆడవాటిని చాలాసార్లు విడదీయలేం, ఆడది ఒక్కటే దొరికితే పేరు పెట్టొద్దు.

తర్వాత పొట్ట చివర కోసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే కండ కరిగి గట్టి భాగాలు మిగుల్తాయి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి పక్కనుంచి బొమ్మ గీయి. సెర్కస్ (జననాంగం చివర జతగా ఉండే తమ్మె) ఆకారం, సర్‌స్టైలస్ (ఆడదాన్ని పట్టుకునే కొక్కెం లాంటి భాగం) మీద ముళ్ళు ఎక్కడున్నాయి, ఇవే ముఖ్యం. ఆ ముక్కని గ్లిజరిన్‌తో బుల్లి గొట్టంలో వేసి అదే ఈగ పిన్నుకి గుచ్చి ఉంచాలి.

దీవుల_పిచ్చి:
అన్న చెప్పింది కరెక్ట్. నాదొక మాట, కీలో పడకపోతే కొత్తదని కాదు, ఆ కీ ఏ ప్రాంతానికి రాశారో చూడండి. అండమాన్ పురుగుల చుట్టాలు చాలావరకు బర్మా, థాయ్‌లాండ్, సుమత్రా వైపు ఉంటాయి, కాబట్టి అక్కడి వర్ణనలన్నీ తిరగేయాలి, అనుమానం వచ్చినచోట మ్యూజియంలో ఉన్న టైప్ నమూనాతోనే (ఆ జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన పురుగు) పోల్చాలి. ఈ ఫ్యామిలీలో ఇప్పటికే 7,000కి పైగా జాతులున్నాయి. అలాగని కొత్తవి దొరకవని కాదు, హవాయిలో ఒక్క కాంప్సిక్నెమస్ జీనస్‌లోనే 150కి పైగా జాతులు తేలాయి, కొన్నిటికి ఎగరడమే రాదు! లోయకీ లోయకీ మధ్య కొండ అడ్డొస్తే చాలు అవి విడిపోయినయ్. డీఎన్ఏ బార్‌కోడ్ (ఒక చిన్న జన్యు ముక్క చదివి పోల్చడం) మంచిదే, ముఖ్యంగా ఏ ఆడది ఏ మగదానికి జతో తెలుసుద్ది, కానీ పాత జాతుల్లో ఎక్కువవాటికి సీక్వెన్స్‌లే లేవు, దేనితో పోలుస్తారు?

మిర్చి_రైతుబిడ్డ:
మధ్యలో వస్తున్నా ఏమనుకోవద్దు. మా మిరప చేలో కూడా ఈ పచ్చ ఈగలు ఆకుల మీద తిరుగుతుంటాయి, పంటకి చెడా?

బెజవాడ_రెక్కలు:
చెడు కాదండీ, మేలే. ఎదిగిన ఈగలు తామరపురుగులు, పేనుబంక లాంటి మెత్తటి చిన్న పురుగుల్ని పట్టుకు తింటాయి, పిల్లపురుగులు ఎక్కువగా తడిమట్టిలో ఉండి అవీ వేటాడతాయి. వీటివల్లే తామరపురుగు పోద్దని మాత్రం చెప్పను, కానీ ఊరికే మందు కొడితే ముందు ఇవి చచ్చిపోతాయి.

చెల్లీ, ఇంకోటి మర్చిపోకు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే గుర్తింపు ఉన్న రిపాజిటరీకి (నమూనాలు భద్రపరిచే సంస్థ) తెలిపి నమూనా అక్కడ పెట్టాలి, జంతువులకైతే జువలాజికల్ సర్వే ఉంది. హోలోటైప్‌గా (కొత్త పేరుకి ఆధారమయ్యే ఒక్క నమూనా) ఒకే ఒక్క మగదాన్ని ఎంచుకో, కాళ్ళన్నీ ఉన్నదాన్ని. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్ అయితే నీ పేపర్ ముందే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ పేర్ల రిజిస్టర్) రిజిస్టర్ అయి, ఆ సంగతి పేపర్లో రాసి ఉండాలి, లేకపోతే పేరు చెల్లదు.

గుంటూరమ్మాయి_జువాలజీ:
చాలా థ్యాంక్స్ అన్నా, అందరికీ. ఇప్పుడే చూశా, మగవి కొన్ని ఉన్నాయి, అన్నిటికీ ముందుకాలి చివరి ముక్క నల్లగా, దానికి ముందుది తెల్లగా ఉంది. మా పెరట్లో వాటికి ఈ తెలుపు లేదు. రేపు ల్యాబ్‌లో ఒకదానిది కోసి బొమ్మ పెడతా, సర్‌స్టైలస్ ఏదో నాకు తెలియకపోతే చెప్పండి ప్లీజ్.