విమాన సంస్థ ఫ్లీట్ (దాని విమానాలు) అంతటికీ ఒకే కంపెనీ ఇంజిన్ ఉండాలా, రెండు కంపెనీలవి కలపాలా?

గాలిపటం:
ఎయిర్‌బస్ ఎ320 నియో విమానం కొనే సంస్థ ఇంజిన్ కూడా తనే ఎంచుకోవాలి. సీఎఫ్‌ఎం వాళ్ల లీప్-1ఏ ఒకటి, ప్రాట్ అండ్ విట్నీ వాళ్ల పీడబ్ల్యూ1100జీ ఇంకొకటి. (బోయింగ్ 737 మ్యాక్స్‌కి ఆ అవకాశమే లేదు, లీప్-1బీ ఒక్కటే.) నా మాట ముందే చెప్పేస్తున్నా: వంద విమానాలు దాటిన ఏ సంస్థా ఒక్క ఇంజిన్‌నే నమ్ముకోకూడదు.

2023 జులై సంగతి చూడండి. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన టర్బైన్ డిస్కుల్లో వాడిన లోహపు పొడిలో మలినాలున్నాయని, పగుళ్లు రావచ్చని ప్రాట్ మాతృసంస్థ ప్రకటించింది. ఇంజిన్ శుభ్రంగా తిరుగుతున్నా సరే, దించి, విప్పి, డిస్కు పరీక్షించాల్సిందే. సెప్టెంబరుకి లెక్క తేలింది: 600 నుంచి 700 ఇంజిన్లు అదనంగా షాపుకి రావాలి, ఒక్కోటీ తిరిగి రెక్క కిందికి చేరడానికి 250 నుంచి 300 రోజులు. ఇండిగోవి డెబ్బైకి పైగా విమానాలు నేల మీదే ఉండిపోయాయి. అయినా సంస్థ నడిచింది. 2019 జూన్‌లోనే 280 విమానాలకి లీప్ ఆర్డర్ ఇచ్చి ఉంది కాబట్టి. ఈ ప్రకటనకి రెండు నెలల ముందే, 2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసింది. దాని నియోలన్నిటికీ ప్రాట్ ఇంజిన్లే. దాదాపు సగం విమానాలు ఆగిపోయాయి, బదులు ఇంజిన్లు అందలేదన్నదే దాని ప్రధాన ఫిర్యాదు. ఇంకేం రుజువు కావాలి?

హ్యాంగర్_మనిషి:
గాలిపటం గారూ, ఆ రెండు సంస్థల్నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదండీ. ఒకదాని సైజు వేరు, చేతిలో డబ్బు వేరు. పైగా ఇండిగో లీప్‌కి మళ్లింది దెబ్బ తిన్నాకే. 2018 మార్చిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రాట్ ఇంజిన్లున్న నియోలు 11 ఆపేసింది, అందులో 8 ఇండిగోవి. దాన్ని ముందుచూపు అనలేం.

నేను లైన్ మెయింటెనెన్స్‌లో (సర్వీసులో ఉన్న విమానాల రోజువారీ తనిఖీ, మరమ్మతు) చాలా ఏళ్లు చేశాను. అప్పట్లో మా సంస్థలో రెండు రకాల నియోలూ ఉండేవి. ఒక రాత్రి పక్షి తగిలిన విమానం వచ్చింది. ఫ్యాన్ బ్లేడ్లు రెండు వంగాయి, అంతేలే అనుకున్నాం. బోరోస్కోప్ (ఇంజిన్ లోపల చూసే సన్నటి కెమెరా గొట్టం) దూర్చి చూస్తే లోపల కంప్రెసర్ బ్లేడ్ల అంచులు కూడా నలిగి ఉన్నాయి. ఇంజిన్ మార్చక తప్పదు. స్పేర్ ఇంజిన్ పదడుగుల దూరంలోనే ఉంది, స్టాండ్ మీద, కవర్ కప్పుకుని. కానీ అది రెండో కంపెనీది. పైలాన్ (ఇంజిన్‌ని రెక్కకి కలిపే భాగం) కుదరదు, మౌంట్లు కుదరవు, కంట్రోల్ కంప్యూటర్ అసలే కుదరదు. మాకు కావాల్సింది ఇంకో బేస్ నుంచి లారీలో నాలుగో రోజుకి చేరింది. ఆ మూడు రోజులూ దాని పక్కనుంచే అటూ ఇటూ తిరిగాం.

రెండు రకాలంటే స్పేర్లు రెండు సెట్లు, టూల్స్ రెండు సెట్లు, సంతకం పెట్టే అర్హత ఉన్న ఇంజినీర్లు ప్రతి షిఫ్టులో ఇద్దరిద్దరు. ఈ ఖర్చు మీ లెక్కలో ఎక్కడుంది?

కుడిసీటు:
పైలట్లకి మాత్రం ఇది పెద్ద విషయం కాదు. టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అనుమతి) ఒకటే, తేడాల మీద చిన్న శిక్షణ ఉంటుంది. పాత ఎ320లలో సీఎఫ్‌ఎం56 ఇంజిన్ అయితే ఎన్1 (ఫ్యాన్ తిరిగే వేగం) చూసి పవర్ పెట్టేవాళ్లం, వీ2500 ఇంజిన్ అయితే ఈపీఆర్ (ఇంజిన్ వెనకా ముందూ ఒత్తిళ్ల నిష్పత్తి) చూసి. రెండు రోజుల్లో చేతికి వచ్చేస్తుంది.

పాత_టైంటేబుల్:
నేను గాలిపటం గారి పక్షం. వైడ్‌బాడీల్లో (వెడల్పాటి పెద్ద విమానాల్లో) ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2021 ఫిబ్రవరిలో డెన్వర్ నుంచి బయల్దేరిన యునైటెడ్ సంస్థ బోయింగ్ 777కి ప్రాట్ వాళ్ల పీడబ్ల్యూ4000 ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడ్ విరిగింది, ఇంజిన్ కవర్లు ఊడి ఇళ్ల మధ్య పడ్డాయి. ఆ ఇంజిన్ ఉన్న యునైటెడ్ 777లు 52 ఆగిపోయాయి, మళ్లీ ఎగిరింది 2022లో. జపాన్ విమాన సంస్థలు ఏఎన్ఏ, జాల్ కూడా ఆ ఇంజిన్ ఉన్నవి ఆపేశాయి. జాల్ అయితే వాటిని మళ్లీ ఎగరనివ్వకుండానే సర్వీసులోంచి తీసేసింది. కానీ ఈ మూడు సంస్థల్లోనూ జీఈ కంపెనీ జీఈ90 ఇంజిన్ ఉన్న 777లు ఎగురుతూనే ఉన్నాయి. పేరుకి అదే విమానం, ఇంజిన్ వేరు కాబట్టి బతికిపోయాయి.

హ్యాంగర్_మనిషి:
అది ఒప్పుకుంటాను. కానీ మీరిద్దరూ ఫ్యాక్టరీలో పుట్టే తప్పుల గురించే మాట్లాడుతున్నారు. తప్పులు హ్యాంగర్లో కూడా పుడతాయి.

1983 మే 5. మయామీ నుంచి నాసావ్ వెళ్తున్న ఈస్టర్న్ సంస్థ ఎల్-1011 విమానం. మూడు ఇంజిన్లు, మూడింటిలోనూ ఆయిల్ కారిపోయింది. కారణం, నూనెలో లోహపు తునకల్ని పట్టే చిప్ డిటెక్టర్లకి ఉండాల్సిన రబ్బరు ఓ-రింగులు లేకపోవడం. మెకానిక్‌లకి మామూలుగా ఆ డిటెక్టర్లు ఫోర్‌మన్ బీరువాలో ఓ-రింగులు తొడిగి సిద్ధంగా దొరికేవి. ఆ రాత్రి బీరువాలో లేవు. స్టోర్ నుంచి తెచ్చారు, వాటికి రింగులు లేవు. రోజూ ఉండేవే కదా అని బిగించేశారు. ముందే ఆపేసిన మధ్య ఇంజిన్ మళ్లీ అందుకోబట్టి 172 మందీ క్షేమంగా దిగారు.

నా భయం ఇదే. తెల్లవారుజామున మూడింటికి చేయి అలవాటు మీద నడుస్తుంది. ఒకే షిఫ్టులో ముందు లీప్, తర్వాత ప్రాట్, మళ్లీ లీప్ అంటే ఆ అలవాటు ఎక్కడో తడబడుతుంది. నేను తడబడ్డాను. టార్క్ విలువ (బోల్టు ఎంత గట్టిగా బిగించాలన్న అంకె) ఇంకోదాని మాన్యువల్‌లోది చదివి రెంచి సెట్ చేశాను, తోటి ఇంజినీర్ తనిఖీలో పట్టుకున్నాడు.

కుడిసీటు:
అందుకే కదా ఈటాప్స్ (దగ్గర్లో విమానాశ్రయం లేని దూర దారుల్లో రెండు ఇంజిన్లతో ఎగిరే అనుమతి) విమానాల్లో రెండు ఇంజిన్లకీ ఒకే మనిషి ఒకే పని చేయకూడదన్న నియమం.

గాలిపటం:
హ్యాంగర్_మనిషి గారూ, ఆ టార్క్ సంగతి ఇక్కడ చెప్పినందుకు ధన్యవాదాలు. స్పేర్ల ఖర్చు గురించి వాదించడానికి సిద్ధపడి వచ్చాను గానీ, చేతి అలవాటు గురించి నేను ఆలోచించలేదు. నా వాదన కొంత మార్చుకుంటున్నా. రెండు రకాలూ ఉండాలి, కానీ ఒక బేస్‌లో ఒకే రకం. లీప్ విమానాలు ఒక హ్యాంగర్‌కి, ప్రాట్‌వి ఇంకో హ్యాంగర్‌కి వస్తే స్పేర్ కూడా అక్కడే ఉంటుంది.

ఒకే ఇంజిన్ చాలనేవాళ్లకి ఇంకో మాట. ఇప్పుడు లీప్‌దే మంచి పేరు. కానీ వేడి, దుమ్ము ఎక్కువున్న చోట్ల దాని టర్బైన్ బ్లేడ్లు కూడా అనుకున్నదానికన్నా ముందే అరుగుతున్నాయి, అందుకే కొత్త బ్లేడ్లు తెచ్చారు. ఎయిర్ న్యూజిలాండ్‌కి బోయింగ్ 787ల మీద రోల్స్ రాయిస్ వాళ్ల ట్రెంట్ 1000 ఇంజిన్‌తో చేదు అనుభవమైంది. అందుకే 2019లో కొత్త 787లకి జీఈ వాళ్ల జీఈఎన్‌ఎక్స్ ఇంజిన్ తీసుకుంది.

హ్యాంగర్_మనిషి:
బేస్‌వారీగా విడదీస్తే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే షెడ్యూల్ వేసేవాళ్లు దాన్ని పాటించాలి. వానలకి దారి మళ్లిన విమానం రాత్రి మా దగ్గర దిగితే, అది ఏ రకమైనా మేమే చూడాలి. అలాంటి రాత్రులకైనా ప్రతి బేస్‌లో రెండో రకానికి అర్హత ఉన్న ఒక మనిషిని, దాని ఓ-రింగులూ ఫిల్టర్లూ విడిగా పెట్టుకునే ఒక బీరువాని ఇవ్వమనండి.